పసిబిడ్డకు కావలసింది హోము కాదు, ఒడి

ప్రతి సంవత్సరం డిసెంబరు నెల దగ్గరపడగానే ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల సంఘాల నుండి మాకు ఒకే ప్రశ్న వస్తుంది. "సిస్టర్, ఈ క్రిస్మస్‌కు ఏదైనా అనాథ శిశువుల హోముకు సహాయం చేద్దామనుకుంటున్నాము. పాలడబ్బాలు ఇమ్మంటారా, దుప్పట్లు ఇమ్మంటారా?" అని అడుగుతారు. అడిగేవారి మనసు మంచిదే, అందులో సందేహం లేదు. అయితే మా జవాబు కొందరికి నచ్చకపోవచ్చు. మూడేళ్ళలోపు బిడ్డకు హోము ఎంత మంచిదైనా ఆఖరి మార్గమే కావాలి. ఆ డబ్బును, ఆ ప్రేమను బిడ్డ ఒక కుటుంబంలో పెరగడానికి ఉపయోగించండి అన్నది మా అభిప్రాయము. ఎందుకలా అంటున్నామో ఓపికగా చదవమని కోరుతున్నాము.

మెదడు పుట్టిన తరువాతే తయారవుతుంది

బిడ్డ గుండె తన పని నేర్చుకునే పుడుతుంది. మెదడు అలా కాదు. అది చాలా వరకు పుట్టిన తరువాతే పెరుగుతుంది. రెండేళ్ళు నిండేసరికి పెద్దవారి మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. తొలి సంవత్సరాలలో ఒక్కొక్క సెకనుకు పది లక్షలకు పైగా కొత్త నరాల కలయికలు ఏర్పడతాయని శాస్త్రజ్ఞుల అంచనా. వాటిలో వాడినవి బలపడతాయి, వాడనివి రాలిపోతాయి. పొలంలో రోజూ నడిచిన చోట కాలిబాట పడుతుంది, ఎవరూ నడవని చోట గడ్డి మొలుస్తుంది. మెదడు సంగతీ అంతే.

ఆ బాట వేసేది ఎవరు? బిడ్డను చూసుకునే మనిషే. బిడ్డ ఏడిస్తే ఎవరో వచ్చి ఎత్తుకుంటారు. ఊఁ అంటే ఎవరో ఊఁ కొడతారు. కాకిని చూస్తే "అదిగో కాకి" అంటారు. ఇలా రోజుకు వందసార్లు జరిగే చిన్న చిన్న మాటా మంతీ వల్లనే భాష, నమ్మకం, కోపం వస్తే తమాయించుకోవడం అన్నీ అలవడతాయి. మన పెద్దలకు ఈ శాస్త్రం తెలియకపోయినా దాని సారం తెలుసు. నవ్వితే నువ్వులుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు అంటూ ప్రతి మలుపుకూ పిండివంట చేశారు. పిండివంట పేరున జరిగేది ఏమిటంటే, ఈ బిడ్డ ఈ రోజు కొత్తగా ఏమి చేసిందో కనిపెట్టి సంతోషించే మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారన్నమాట.

బిడ్డకు కొంచెం భయం, కొంచెం ఏడుపు హాని కావు. టీకా వేసినప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. అమ్మ భుజాన వేసుకుని వీపు నిమిరితే సర్దుకుంటుంది. భయపడినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, ఓదార్పు దొరికితే తగ్గుతుంది. ఓదార్చేవారే లేనప్పుడు, లేదా ఓదార్చవలసిన మనిషే తాగి వచ్చి భయపెడుతున్నప్పుడు, ఆ హార్మోను తీరు అదుపు తప్పుతుంది. అది నెలల తరబడి సాగితే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం అతిగా మేలుకొని ఉంటుంది. జ్ఞాపకానికి, నేర్చుకోవడానికి, ఆవేశాన్ని ఆపుకోవడానికి పనికివచ్చే భాగాలు వెనుకబడతాయి. అలాంటి బిడ్డ బడికి వచ్చాక టీచరమ్మ గొంతు కాస్త పెంచితే చాలు, ఒకడు కొట్టడానికి లేస్తాడు, ఒకతె బల్లకింద దాక్కుంటుంది. మనం వాళ్ళకు మొండివాళ్ళని పేరు పెడతాము.

ఈ ప్రభావం పెద్దయ్యాక కూడా కనిపిస్తుంది. 1998లో అమెరికాలో తొమ్మిది వేలకు పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగి ఒక పరిశోధన ప్రకటించారు. దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం వంటి కష్టాలు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాలు పడినవారిలో తాగుడు, దిగులు జబ్బు, ఆత్మహత్యా ప్రయత్నం వంటివి, ఏ కష్టమూ పడనివారి కంటే నాలుగు నుండి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఇది తలరాత కాదు. అలా పెరిగి చక్కగా బ్రతుకుతున్నవారు మన సంఘాల్లోనే ఎంతోమంది ఉన్నారు. కాని ప్రమాదం పెరుగుతుందన్నది నిజము.

శుభ్రమైన హోములో ఏమి జరిగింది?

"హోములో ఎవరూ కొట్టరు, వేళకు పాలు ఇస్తారు, మరి హాని ఏమిటి?" అని అడగవచ్చు. దీనికి జవాబు 1945 నాటికే దొరికింది. రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పసిపిల్లలను పోల్చి చూశాడు. ఒకటి జైలులోని శిశు కేంద్రము. అక్కడ ఖైదీలైన తల్లులే తమ బిడ్డలను సాకేవారు. రెండవది చాలా శుభ్రంగా ఉన్న అనాథ శిశువుల హోము. అక్కడ వైద్యులు ఉన్నారు, పాలు ఉన్నాయి. కాని ఒక్కొక్క నర్సుకు ఎనిమిది మంది దాకా శిశువులు. జైలులోని పిల్లలు మామూలుగా ఎదిగారు. హోములోని 91 మందిలో రెండేళ్ళలో 34 మంది చనిపోయారు. తట్టు వంటి అంటువ్యాధి కూడా ఒక కారణమే. అయితే బ్రతికినవారిలో చాలామంది రెండేళ్ళు దాటినా నడవలేకపోయారు, మాట్లాడలేకపోయారు.

మేము నర్సులము కనుక ఆ ఎనిమిది అనే అంకె దగ్గర ఆగిపోతాము. అక్కడి నర్సులకు దయ లేదని కాదు. ఒక మనిషికి రెండు చేతులే ఉంటాయి. ఎనిమిది మందికి పాలు పట్టి, గుడ్డలు మార్చేసరికి డ్యూటీ అయిపోతుంది. తరువాతి షిఫ్టుకు ఇంకొకరు వస్తారు. మూడు షిఫ్టులు, వారపు సెలవులు, మానేసి వెళ్ళిన ఆయాలు అన్నీ కలిపితే ఏడాదిలో ఒక బిడ్డను ఎంతోమంది చేతులు ఎత్తుకుంటాయి. అందులో ఏ ముఖమూ ఆ బిడ్డది కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. హోములో పిల్లలున్నారు, పనివారున్నారు, కాకి మాత్రం లేదు.

స్పిట్జ్ చేసిన పోలికలో లోపాలున్నాయని తరువాతివారు అన్నారు. కాని 2001లో రుమేనియా రాజధాని బుకారెస్టులో మరింత పకడ్బందీగా జరిగిన పరిశోధన కూడా అదే చెప్పింది. అక్కడ 1989లో పాత ప్రభుత్వం పడిపోయేనాటికి లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ సంస్థల్లో ఉన్నారు. పరిశోధకులు సంస్థల్లో ఉన్న పిల్లల్లో 6 నుండి 31 నెలల వయసున్న 136 మందిని తీసుకుని, చీటీలు వేసినట్లుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగిలిన సగం మంది అప్పటి పద్ధతి ప్రకారం సంస్థల్లోనే ఉన్నారు. నాలుగున్నరేళ్ళ వయసులో తెలివితేటల పరీక్ష పెడితే సంస్థల్లోని పిల్లలకు సగటున 73, కుటుంబాలకు వెళ్ళినవారికి 81, మొదటినుంచీ సొంత ఇంట్లో పెరిగినవారికి 109 వచ్చాయి. ఇంకొక సంగతి కూడా గమనించారు. మనుషులతో అనుబంధం ఏర్పడే విషయంలో రెండేళ్ళలోపు కుటుంబానికి చేరిన పిల్లలు ఎక్కువగా కోలుకున్నారు. రుమేనియా 2004లో చట్టం చేసి రెండేళ్ళలోపు పిల్లలను సంస్థల్లో పెట్టడం దాదాపుగా మాన్పించింది.

క్రిస్మస్ సందర్శనలో మనం చూసేవి రెండు విషయాలు ఇప్పుడు వేరేగా అర్థమవుతాయి. పసిపిల్లల గదిలో ఏడుపు వినబడకపోతే "ఎంత బుద్ధిమంతులు" అనుకుంటాము. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన బిడ్డ కూడా ఏడవడం మానేస్తుంది. రెండేళ్ళ పిల్లవాడు ముక్కూ ముఖమూ తెలియని మన దగ్గరకు పరుగెత్తుకొచ్చి మెడ కావలించుకుంటే "ఎంత కలివిడి బిడ్డ" అని మురిసిపోతాము. ఆ వయసు పిల్లవాడు కొత్తవారిని చూస్తే తల్లి కొంగు వెనుక దాక్కోవాలి. దాక్కోవడానికి కొంగు లేనివాడు ఎవరి మెడనైనా పట్టుకుంటాడు. మనం కేకు ఇచ్చి, ఫోటో తీయించుకుని సాయంత్రానికి వెళ్ళిపోతాము. ఆ బిడ్డను వదిలి వెళ్ళినవారి వరుసలో మనమూ చేరుతాము.

మన హైదరాబాదు సంగతి

ఇది పరాయి దేశాల కథ మాత్రమే కాదు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ మన రాష్ట్రంలో దత్తత పేరున పసిబిడ్డల అమ్మకాలు జరుగుతున్నాయని బయటపడింది. తండాల్లోని పేద లంబాడీ తల్లిదండ్రుల నుండి, ముఖ్యంగా ఆడపిల్లలను, కొద్దిపాటి డబ్బుకు తీసుకున్నారు. పోలీసులు కొన్ని సంస్థలపై దాడులు చేసి శిశువులను బయటికి తెచ్చారు. చాలామందిని నగరంలోని ప్రభుత్వ శిశు విహార్‌కు తరలించారు. ఆ దాడులు అవసరమే. అయితే కేసులు తేలేవరకు ఎంతోమంది పిల్లలు సంస్థల్లోనే ఉండిపోయారు. కోర్టుకు రెండేళ్ళు ఎక్కువ కాలం కాదు. పసిబిడ్డకు ఆ రెండేళ్ళే మెదడు పెరిగే కాలము. ఆ సమయంలో సంస్థలను, ప్రభుత్వాన్ని, కోర్టులను గురించి పత్రికలు చాలా రాశాయి. తండాలోని తల్లికి నెలనెలా కొంత ఆసరా దొరికి ఉంటే బిడ్డ ఆ గడప దాటేదా అన్న ప్రశ్న ఎక్కువగా వినబడలేదు.

ఇప్పుడు మన వీధులకే వద్దాము. నాంపల్లి స్టేషను బయట, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద సరుకు పెట్టుకుని అమ్ముకునే తల్లులను మీరందరూ చూస్తారు. ఒక చేత్తో బేరం చేస్తూ ఇంకొక చేత్తో చీర ఉయ్యాల ఊపుతుంటారు. ఆరాధన ముగించుకుని వెళ్తున్న మనలో కొందరు "అయ్యో, ఆ బిడ్డను ఏదైనా హోములో వేస్తే బాగుపడును" అంటారు. మేము ఒప్పుకోము. ఆ బిడ్డకు దుమ్ము ఉంది, ఎండ ఉంది, పాలు చాలకపోవచ్చు. ఇవన్నీ తీర్చవలసిన కష్టాలే. కాని ఆ ఉయ్యాల తాడు పట్టుకున్న చెయ్యి రోజూ ఒకటే. దానిని మనం ఏ హోములోనూ కొనివ్వలేము. కేవలం పేదరికం కారణంగా బిడ్డను కుటుంబం నుండి వేరు చేయరాదని, మూడేళ్ళలోపు పిల్లలకు కుటుంబ వాతావరణమే ఉండాలని ఐక్యరాజ్య సమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కూడా సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమే అంటుంది.

తల్లికి చేసే సహాయం వృథా కాదనడానికి రుజువు కూడా మన నగరం పక్కనే ఉంది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థవారు ఒక అధ్యయనం చేశారు. వాటిలో 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలను 13 నుండి 18 ఏళ్ళ వయసులో మళ్ళీ పరీక్షిస్తే, ఆహారం అందని గ్రామాల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కువ ఉన్నారు. గుండె, చక్కెర జబ్బులకు సంబంధించిన లక్షణాలు కూడా మెరుగ్గా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు దాటాక చూస్తే చదువులోనూ, ఉపాధిలోనూ కొంత ముందున్నారు. ఆ పిల్లలను ఎవరూ ఇంటినుండి తీసుకుపోలేదు. తల్లి దగ్గరే ఉంచి, తల్లికీ బిడ్డకూ తిండి పెట్టారు, అంతే.

"హోములు లేకపోతే ఎలా?"

కొందరు పెద్దలు బాధపడి "మిషనరీల కాలం నుండి హోములు ఎందరినో నిలబెట్టాయి, మేమే అక్కడ చదువుకున్నాము" అంటారు. అది నిజమే. కరువులోనూ, కలరాలోనూ దిక్కులేని పిల్లలకు అవి ప్రాణం పోశాయి. కాని ఎనిమిదేళ్ళ పిల్లవాడు హాస్టలులో ఉండి చదువుకోవడం వేరు, ఎనిమిది నెలల బిడ్డ హోములో పెరగడం వేరు. నిజంగా ఎవరూ లేని శిశువుకు కొద్దిరోజులు ఒక సురక్షితమైన చోటు కావలసిందే. వదిలివేయబడిన పసికందులు నీలోఫర్ వంటి ఆసుపత్రిలో కోలుకున్నాక శిశు విహార్‌కు చేరడం మనకు తెలిసినదే. ఆ చోటు వంతెనలా ఉండాలి. వంతెన మీద ఎవరూ కాపురం ఉండరు. అక్కడినుండి చట్టబద్ధమైన దత్తత ద్వారానో, పెంపుడు సంరక్షణ ద్వారానో బిడ్డ త్వరగా ఒక ఇంటికి చేరాలి.

బైబిలు చదివేవారికి ఇది కొత్త కాదు. నిర్గమకాండము రెండవ అధ్యాయంలో ఫరో కుమార్తెకు నీటి ఒడ్డున పెట్టెలో బిడ్డ దొరికాడు. ఆమె తలచుకుంటే వందమంది దాదులు ఉన్నారు. అయినా బిడ్డ అక్క పిలుచుకొచ్చిన స్త్రీకే ఆ బిడ్డను అప్పగించి, పాలిచ్చి పెంచినందుకు జీతం కూడా ఇస్తానన్నది. ఆ స్త్రీ బిడ్డకు కన్నతల్లే. మోషే తొలి సంవత్సరాలు తల్లి ఒడిలోనే గడిచాయి, ఖర్చు మాత్రం రాజకుమార్తెది. సంఘాలు చేయవలసిన సహాయానికి ఇంతకంటే మంచి నమూనా మాకు కనబడలేదు.

సంఘాలకు మా విన్నపము

ఈ క్రిస్మస్‌కు ఒక్కొక్క స్త్రీల సమాజం ఒక్కొక్క తల్లిని ఎన్నుకోండి. భర్త పోయినవారు, భర్త వదిలేసినవారు, జబ్బుతో మంచాన పడినవారు, మనుమడిని సాకుతున్న నాయనమ్మలు, అమ్మమ్మలు మీ బస్తీలోనే ఉన్నారు. ఒకరోజు కేకు బదులు రెండేళ్ళ పాటు నెలనెలా కొంత ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకంలో ఇలాంటి అర్హతగల పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సహాయం ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. చదువురాని తల్లికి ఆ కాగితాలు నింపి, వెంట వెళ్ళడం కూడా పరిచర్యే. యౌవనస్థులు ఆ పని చేయగలరు.

బిడ్డను పెంచలేనని ఒక తల్లి మీ దగ్గర ఏడిస్తే, తెలిసినవారికి ఇప్పిస్తామని ఎప్పుడూ మాట ఇవ్వకండి. అది ఎంత మంచి ఇల్లైనా నేరమే. బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. ఆసుపత్రి సిబ్బంది చేస్తే మూడు నుండి ఏడేళ్ళ శిక్ష. చట్టప్రకారం బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. ఆ తరువాత కూడా మనసు మార్చుకోవడానికి తల్లిదండ్రులకు రెండు నెలల గడువు ఉంటుంది. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కి ఫోను చేయండి. ఏ హోముకైనా డబ్బు ఇచ్చేముందు చట్టప్రకారం రిజిస్టరు అయిందా, పసిపిల్లలు ఎన్ని నెలలుగా అక్కడ ఉంటున్నారు, ఎంతమందిని కుటుంబాలకు చేర్చారు అని అడగండి. మంచి హోమువారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

మన ఇళ్ళలో కూడా

తల్లి దగ్గరే ఉన్నంత మాత్రాన బిడ్డకు అన్నీ అందుతున్నట్లు కాదు. మన దేశంలో ప్రసవించిన తల్లుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి దిగులు జబ్బు వస్తుంది. నిద్ర పట్టదు, ఊరకే ఏడుపు వస్తుంది, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. దానిని ఒళ్ళు బద్ధకమని అత్తమామలు తిట్టకూడదు, దయ్యమని ప్రార్థనతోనే సరిపెట్టకూడదు. ప్రార్థించండి, డాక్టరుకు కూడా చూపించండి. టెలీ మానస్ సహాయ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తండ్రులకు ఒక మాట. పసిబిడ్డకు ఏమి తెలుస్తుందిలే అని ఉయ్యాల పక్కనే భార్యమీద చెయ్యి ఎత్తకండి. నిద్రపోతున్న బిడ్డ మెదడు కూడా కోపపు గొంతును గుర్తుపడుతుంది.

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలను తల్లి గుండెలకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో మొదలైంది. అలా పెంచిన పిల్లలను ఇరవై ఏళ్ళ తరువాత పరీక్షిస్తే, మిగిలినవారి కంటే దుడుకుతనం తక్కువగా కనిపించింది, బడి మానడం కూడా తక్కువే. ఖర్చు లేని ఈ వైద్యం తండ్రి కూడా చేయవచ్చు, నాయనమ్మ కూడా చేయవచ్చు. డిశ్చార్జికి ముందు ఎలా పట్టుకోవాలో మా సిస్టర్లను అడిగి నేర్చుకోండి.

హోముకు వెళ్ళే వ్యానులో దుప్పట్లు ఎక్కించేముందు మీ వీధి చివర ఇంటి తలుపు ఒకసారి తట్టండి. అక్కడ ఒక బాలింత ఉంటే, ఆమె స్నానం చేసి అన్నం తినేదాకా బిడ్డను మీరు ఎత్తుకోండి. మళ్ళీ రేపూ వెళ్ళండి.